వినడా, వినపడదా?

పిల్లల చెవుల గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో చెవిపోటు, చీము కారడం, గుబిలి గురించినవే ఎక్కువ. ఈసారి వచ్చినవాటిలో కొన్ని వేరుగా ఉన్నాయి. పరీక్షలో చెవి బాగుందన్నారు, అయినా పిల్లల తీరు చూస్తే బాగున్నట్టు లేదు అన్నది వాటన్నిటి బాధ. ఆ ఉత్తరాలనే ఈ సంచికకు తీసుకున్నాను. చాలామంది నన్ను 'డాక్టరు గారూ' అని సంబోధించారు. నేను ఆడియాలజిస్టును, వినికిడిని పరీక్షించడం, ఫలితాన్ని వివరించడం, శిక్షణ ఇవ్వడం నా పని. మందులూ ఆపరేషన్లూ ఈఎన్‌టీ వైద్యులు చూస్తారు. కింది జవాబులలో ఈ తేడా అవసరమవుతుంది కనుక ముందే చెబుతున్నాను.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. 'పరధ్యానం ఎక్కువ, చెప్పిన మాట వినడు' అని బడి డైరీలో రాసి పంపుతున్నారు. ఇంట్లోనూ రెండు మూడు సార్లు పిలిస్తే గానీ పలకడు, ప్రతిదానికీ 'ఏంటమ్మా?' అంటాడు. 'మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకురా, వచ్చేటప్పుడు మోటారు కట్టేయి' అంటే మోటారు కట్టేసి వట్టి చేతులతో వస్తాడు. కొత్తపేటలో పరీక్ష చేయిస్తే రెండు చెవులూ నార్మల్ అన్నారు. అందరూ మొండితనం అంటున్నారు. మా వారు ఒకసారి చేయి కూడా చేసుకున్నారు. ఇది నిజంగా మొండితనమేనా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మన భాషలో 'వినడు' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. చెవిన పడదు అన్నది ఒకటి. చెప్పినట్టు చేయడు అన్నది మరొకటి. డైరీలో టీచరు గారు రాసింది రెండో అర్థంలో. మీరిచ్చిన వివరాలు చదివితే, రిపోర్టులో నార్మల్ అని ఉన్నప్పటికీ, మొదటి అర్థం సంగతి ఇంకా తేలలేదనే నాకు అనిపిస్తోంది.

ఆ రిపోర్టు తప్పు అనడం లేదు. అది ఏ ప్రశ్నకు జవాబో తెలుసుకోవాలి. బయటి చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ వరకు ఒక్కొక్క కూతా విడివిడిగా వినిపించి, ఎంత చిన్న కూతకు పిల్లవాడు చేయి ఎత్తుతాడో చూస్తారు. శబ్దం చెవికి అందుతోందని ఆ పరీక్ష చెబుతుంది. తరగతి గదిలో జరిగే పని అది కాదు. నలభై మంది పిల్లల గోలలోంచి, తల మీద తిరిగే ఫ్యాను రొదలోంచి, కిటికీ అవతలి ఆటోల హారన్లలోంచి, బోర్డు వైపు తిరిగి మాట్లాడుతున్న టీచరు గొంతును ఏరుకోవాలి. ఏరుకున్న మాటలో అక్షరాలను విడదీసుకోవాలి. ఆ మాటలను వచ్చిన వరుసలోనే కాసేపు గుర్తుంచుకోవాలి. ఇదంతా మెదడు చేసే పని. చెవి బాగానే ఉండి ఈ పని మందగిస్తే ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అంటారు, క్లుప్తంగా ఏపీడీ. దీనిని విడి రుగ్మతగా లెక్కించాలా, భాష, ఏకాగ్రతల ఇబ్బందులలో భాగంగా చూడాలా అన్నదాని మీద నిపుణులలో ఇంకా వాదం నడుస్తోంది. పిల్లవాడి ఇబ్బంది మాత్రం నిజమే.

నా దగ్గరకు వచ్చే ఈ వయసు పిల్లలతో మొదట చేసే పని చాలా చిన్నది. పెదాలు కనబడకుండా ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకొని, ఫ్యాను కట్టేసి పది మాటలు చెబుతాను. తరువాత ఫోనులో రైతుబజారు రద్దీ రికార్డింగు పెట్టి మరో పది. ఒక పిల్లవాడు మొదటి పదీ చక్కగా తిరిగి చెప్పాడు. రెండో విడతలో 'గంప'కు 'కంప' అన్నాడు. 'దడి' అనేసరికి ఏమీ అనకుండా కుర్చీలో పక్కకు వంగి, ఫైలు అంచులోంచి నా పెదాలు కనబడతాయేమోనని చూశాడు. అంత నార్మల్ రిపోర్టూ చెప్పనిది ఆ వంగడం చెప్పింది. దీనితోనే ఏదీ నిర్ధారణ కాదు. ఎటు వెతకాలో మాత్రం తెలుస్తుంది.

మీరు ఇంట్లో గమనించవలసినదీ ఇదే: నిశ్శబ్దంలో ఒకలాగా, చప్పుడులో మరోలాగా ఉంటున్నాడా? రాత్రి పడుకోబోయే ముందు పక్కన కూర్చొని చెప్పిన కథ పూర్తిగా అప్పజెప్పేవాడు, టీవీ నడుస్తుండగా చెప్పిన రెండు పనులలో చివరిదే పట్టుకుంటే దానిని మొండితనం అనుకోలేం. మీ ఉత్తరంలో మోటారు గుర్తుండి బట్టలు జారిపోవడం నన్ను ఆపింది అందుకే. డిక్టేషన్ పుస్తకం కూడా తిరగేయండి. క–గ, త–ద, ప–బలు తారుమారవుతున్నాయా? 'అట్టు' అంటే 'అటు' అనీ, 'గడ్డి' అంటే 'గడి' అనీ రాస్తున్నాడా? 'అట్టు' అనేటప్పుడు నాలుక అంగిట్లో మరి కాస్త సేపు ఆగుతుంది. రెప్పపాటు కూడా లేని ఆ నిశ్శబ్దమే అర్థాన్ని మారుస్తుంది, ఈ పిల్లలకు జారిపోయేదీ అలాంటిదే. ఖ, ఘ, థ వంటి ఒత్తక్షరాలు తప్పు రాస్తే మాత్రం కంగారు పడకండి. మాటలలో వాటిని మనలో ఎంతమందిమి సరిగా పలుకుతున్నాం కనుక!

ఒక వారం పాటు చిన్న పుస్తకంలో రాయండి: ఏ మాట, ఎంత దూరం నుంచి, వెనుక ఏ చప్పుడు ఉండగా, అతను ఏమని విన్నాడు. 'అస్తమానం ఇంతే' అని చెప్పేకంటే ఆ నాలుగు గడుల పుస్తకం పరీక్షించేవారికి ఎక్కువ పనికొస్తుంది.

ఇక పరీక్షల సంగతి. ఏపీడీ అన్న మాట చివర రావాలి, మొదట కాదు. జలుబు తరచుగా చేసే పిల్లలలో, ముక్కు వెనుక పెరిగే అడినాయిడ్లు అనే కండ ఉన్నవారిలో కర్ణభేరి వెనుక జిగట నీరు చేరుతుంది. చాలాసార్లు నొప్పీ జ్వరమూ ఉండవు కనుక ఎవరికీ తెలియదు. కొన్నాళ్లు వినికిడి తగ్గుతుంది, కొన్నాళ్లు బాగుంటుంది. మీరు పరీక్ష చేయించిన రోజు బాగున్న రోజైతే నార్మలే వస్తుంది. టింపనోమెట్రీ చేశారా లేదా రిపోర్టులో చూడండి. నిమిషాలలో అయిపోయే పరీక్ష అది, కర్ణభేరి సరిగా కదులుతోందో లేదో చెబుతుంది. చేయకపోయి ఉంటే, బాబు జలుబుతో ఉన్నప్పుడు మళ్లీ వెళ్లి చేయించండి. పుట్టినప్పుడు కామెర్లు బాగా ఎక్కువై ఉన్నా, నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటరులో ఉన్నా ఆ మాట తప్పక చెప్పండి. అలాంటి కొందరిలో లోపలి చెవి పనిచేస్తూనే, శబ్దాన్ని మెదడుకు మోసే నరంలో తాళం తప్పుతుంది. దీనిని ఆడిటరీ న్యూరోపతి అంటారు. లోపలి చెవి స్పందనను చూసే ఓఏఈ, నరం స్పందనను చూసే బెరా అనే రెండు పరీక్షలూ కలిపి చూస్తే గానీ అది బయటపడదు. ఒక చెవి మాత్రమే పోయిన పిల్లల సంగతి కూడా ఇతర పాఠకుల కోసం చెబుతున్నాను: గవదబిళ్లలు వచ్చి తగ్గాక ఒక చెవి వినికిడి పూర్తిగా పోవచ్చు, ఇంట్లో ఎవరికీ అనుమానం రాకపోవచ్చు. ఫోను ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకోవడం, పిలుపు ఎటు నుంచి వచ్చిందో తెలియక దిక్కులు చూడడం దాని గుర్తులు.

ఇవన్నీ దాటాక భాష సంగతి అడగాలి. ఇంట్లో తెలుగే విని పెరిగి, బడిలో అడుగు పెట్టగానే ఇంగ్లీషులో ఆదేశాలు వినవలసివచ్చిన పిల్లవాడు తడబడితే అది చెవిది కాదు, మెదడుదీ కాదు. ఏకాగ్రత లోపమైన ఏడీహెచ్‌డీ కూడా పైకి ఇలాగే ఉంటుంది. అయితే ఆ పిల్లలు నిశ్శబ్దమైన గదిలోనూ, చదివే పనిలోనూ కూడా చెదిరిపోతారు. రెండూ కలిసి ఉండే పిల్లలూ ఉన్నారు. ఏపీడీ పరీక్షలను సాధారణంగా ఏడేళ్లు నిండాకే చేస్తారు, అంతకు ముందు ఫలితాలు ఒక్కో రోజు ఒక్కో రకంగా వస్తాయి. మీ బాబుకు ఆ వయసు వచ్చింది. పరీక్షలో వినిపించే మాటలు తెలుగువై ఉండాలని గట్టిగా అడగండి. ఇంగ్లీషు అంకెలూ మాటలూ వినిపించి మన పిల్లలకు మార్కులు వేయడం నాకు సమ్మతం కాదు.

ఈలోగా చేయవలసినది: వంటింట్లోంచి కేక వేయకుండా దగ్గరకు వెళ్లి, పేరు పిలిచి, అతను మీ వైపు చూశాక చెప్పండి. ఒకసారికి ఒక పని చెప్పండి. 'విన్నావా?' అని అడిగితే పిల్లలందరూ 'ఆఁ' అనే అంటారు, 'నేనేం చెప్పాను?' అని అడగండి. మీ వారికి ఈ జవాబు చదివి వినిపించండి. వినపడని మాటకు దెబ్బ తిన్న పిల్లవాడు తరువాత అర్థం కాకపోయినా 'ఏంటమ్మా?' అని అడగడం మానేస్తాడు, అప్పుడు మనకు ఉన్న ఒక్క ఆనవాలూ పోతుంది.

ప్రశ్న: మా మనవరాలికి నాలుగేళ్లు. కుక్కరు కూత వేసినా, మిక్సీ తిప్పినా చెవులు మూసుకొని పక్క గదిలోకి పరుగెడుతుంది. ఈమధ్య ఒక పెళ్లిలో గట్టిమేళం మోగగానే వెక్కివెక్కి ఏడ్చి, అన్నం కూడా తినకుండా ఇంటికి తీసుకువచ్చేలా చేసింది. చుట్టాలు ఆటిజం ఏమో చూపించమంటున్నారు. అమ్మాయి ఆన్‌లైన్‌లో చెవులకు పెట్టే మఫ్‌లు కొన్నది. ఇప్పుడవి రోజంతా తీయనంటోంది. ఏం చేయమంటారు?
– ఒక అమ్మమ్మ, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, చుట్టాల మాట ముందు తేల్చుకుందాం. ఆటిజం ఉన్న పిల్లలలో చాలామందికి శబ్దాలంటే పడదు, నిజమే. 2013 నుంచి ఆటిజం నిర్ధారణకు చూసే లక్షణాలలో ఇంద్రియాల అతిస్పందన కూడా చేరింది. కానీ శబ్దం పడని పిల్లలందరికీ ఆటిజం ఉండదు. పాప పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా, కావలసినది వేలితో చూపించి మీ ముఖం వంక చూస్తుందా, వాక్యాలలో మాట్లాడుతుందా, తోటి పిల్లలతో కలిసి బొమ్మలకు అన్నం పెట్టే ఆటలాంటివి ఆడుతుందా? వీటన్నిటికీ అవునని చెప్పగలిగితే చెవులు మూసుకోవడం ఒక్కటే పట్టుకొని బెంగపడనక్కరలేదు. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యులకు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. అంగన్‌వాడీకి వచ్చే ఆ బృందాన్ని అడిగితే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు.

శబ్దం పడకపోవడం కూడా ఒకే రకం కాదు. అందరికీ మామూలుగా ఉండే మిక్సీ చప్పుడు ఒకరికి భరించలేనంత పెద్దదిగా వినిపిస్తే దానిని హైపరాక్యూసిస్ అంటారు. చప్పుడు పెద్దదిగా వినిపించకపోయినా, అది ఎప్పుడు మోగుతుందో తెలియక భయపడడం వేరు. నాలుగేళ్ల వయసులో ఇదే ఎక్కువ, చాలామందికి పెరిగేకొద్దీ తగ్గుతుంది. మీ మనవరాలు కుక్కరు కూత వేశాక పరుగెడుతోందా, లేక పొయ్యి మీద కుక్కరు కనబడగానే పరుగెడుతోందా? రెండోదైతే అది చాలా వరకు భయమే. గట్టిమేళం కథ నాకు ఆశ్చర్యం కలిగించలేదు. అప్పటి దాకా నెమ్మదిగా సాగుతున్న సన్నాయి, ముహూర్తం వేళ ఎవరో వేలు ఊపగానే డోళ్లతో సహా ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. పెద్దవాళ్లకు అది ఎందుకో తెలుసు కనుక అక్షింతలు వేస్తాం. పాపకు తెలియదు.

మఫ్‌ల విషయంలో మాత్రం కచ్చితంగా చెబుతాను: ఇంట్లో రోజంతా వద్దు. వినికిడి మామూలుగా ఉన్న పెద్దవాళ్లకు రెండు వారాల పాటు చెవులలో ప్లగ్గులు పెట్టించి చూసిన ఒక పరిశోధన 2003లో వచ్చింది. ప్లగ్గులు తీశాక వారికి మునుపటి శబ్దాలే ఇంకా పెద్దవిగా తోచాయి. శబ్దం అందకపోతే మెదడు తన మోతాదును పెంచుకుంటుందన్నమాట. మఫ్‌లను దీపావళి టపాసులకు, వినాయక నిమజ్జనం డీజేకు దాచి ఉంచండి. పేలిన చోటి నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లు దాటే టపాసులు నిషిద్ధమని మన నిబంధనలే చెబుతున్నాయి కనుక, అలాంటి చోట పాప చెవులు మూసుకుంటే తప్పు పాపది కాదు.

ఇంట్లో ఇలా చేయండి. మిక్సీ జారు ఖాళీగా పెట్టి, స్విచ్చి పాప చేతికే ఇవ్వండి. ఒకటి, రెండు, మూడు అని మీరు లెక్కపెట్టాక తనే ఒక్క క్షణం తిప్పి కట్టేస్తుంది. చప్పుడును మొదలుపెట్టేదీ ఆపేదీ తనే అయినప్పుడు భయం సగం తగ్గుతుంది. రెండు రోజులకు రెండు క్షణాలు, ఆపైన పచ్చడి. కుక్కరు పెట్టే ముందు 'మూడు కూతలు వస్తాయి, నువ్వు లెక్కపెట్టు' అని చెప్పండి. బలవంతంగా చేతులు లాగి వినిపించడం మాత్రం చేయకండి. చెవిపోటు, చీము, తలకు దెబ్బ, వాంతులతో కూడిన తలనొప్పి, ముఖం ఒక పక్కకు లాగడం వంటివి ఉండి శబ్దాలు పడకపోతే ఇంటి వైద్యం పెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ముఖానికి వెళ్లే నరమే మధ్య చెవిలోని ఒక చిన్న కండరాన్ని కూడా నడిపిస్తుంది. పెద్ద శబ్దం వచ్చినప్పుడు దానిని కొంత అదిమిపెట్టేది ఆ కండరమే.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. నేను అన్నం నమిలినా, టీ జుర్రినా కోపంతో కంచం వదిలేసి లేచిపోతోంది. డీజే పాటలు మాత్రం హాయిగా వింటుంది. ఇది పొగరు కాదా?
– ఒక తండ్రి, లబ్బీపేట, విజయవాడ

జవాబు: పొగరు అని తేల్చేముందు మీరు రాసిన చివరి మాట మళ్లీ చూడండి. పెద్ద శబ్దాలు బాధించకుండా, నమలడం, జుర్రడం, ముక్కు ఎగపీల్చడం, పెన్ను టకటకలాడించడం వంటి కొన్ని చిన్న శబ్దాలకే పట్టరాని కోపం, అసహ్యం కలగడాన్ని మిసోఫోనియా అంటారు. ఈ పేరు 2001 ప్రాంతంలో వచ్చింది. దీనికి ఒక ఉమ్మడి నిర్వచనాన్ని నిపుణులు 2022లో కుదుర్చుకున్నారు. చిన్నతనం చివర, యౌవనం మొదట్లో బయటపడడం, ఇంట్లో బాగా దగ్గరివాళ్ల శబ్దాలకే ఎక్కువగా ఉండడం దీని తీరు. కాబట్టి మీ మీద ప్రత్యేకంగా పగ ఉందని అనుకోకండి. వినికిడి పరీక్షలో ఏమీ కనబడదు. ఒక్కసారి చేయించి పక్కన పెట్టండి. తరువాత వెళ్లవలసింది సైకాలజిస్టు దగ్గరకు. ఆలోచననూ ప్రవర్తననూ మార్చే సీబీటీ కొందరికి ఉపయోగపడుతోంది. భోజనాల వేళ ఫ్యానో, సన్నగా పాటో పెట్టండి; కంచాలు ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన పెట్టుకోండి. రోజూ వేరే గదిలో తినే అలవాటు చేయకండి, అది చేస్తే మళ్లీ బల్ల దగ్గరకు తేవడం కష్టం. ఏడిపించడానికి కావాలని జుర్రే తమ్ముడెవరైనా ఉంటే ముందు వాడిని ఆపండి.

ప్రశ్న: నేను గుంటూరులో ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి టీచరును. చెవి బాగానే ఉన్నా చప్పుడులో మాట పట్టుకోలేని పిల్లలు ఇద్దరు ఉన్నారని అనుమానం. 42 మంది ఉన్న తరగతిలో నేను చేయగలిగింది ఏముంది?
– ఒక ఉపాధ్యాయురాలు, అరండల్‌పేట

జవాబు: టీచరు గారూ, మీకు అనుమానం రావడమే సగం పని. ఖాళీ తరగతి గదిలో చప్పుడు 35 డెసిబెళ్లు దాటకూడదనీ, గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వని 0.6 సెకన్లలో అణగిపోవాలనీ అమెరికా ప్రమాణం ఒకటి ఉంది. పిల్లలకు మాట స్పష్టంగా అందాలంటే మీ గొంతు గదిలోని రొదకంటే 15 డెసిబెళ్లు ఎక్కువగా ఉండాలి. నున్నటి గోడలు, గ్రానైట్ నేల, రోడ్డు పక్క కిటికీ ఉన్న గదిలో అది కుదిరే పని కాదని నాకూ తెలుసు. కుదిరేది దూరం తగ్గించడం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు 6 డెసిబెళ్లు పడిపోతుంది. ఆ ఇద్దరినీ రెండో వరుసలో, కిటికీకీ ఫ్యానుకీ ఎడంగా, మీ ముఖం కనబడేలా కూర్చోబెట్టండి. రెండో వరుస అనడానికి కారణం, ముందున్నవాళ్లు ఏ పుస్తకం తీశారో చూసి వీళ్లు అందుకోగలరు. పేజీ నంబరు, హోంవర్కు నోటితో చెప్పి ఊరుకోకుండా బోర్డు మీద రాయండి. రాసేటప్పుడు మాట్లాడకండి, తిరిగాక మాట్లాడండి. కుర్చీల కాళ్లకు రబ్బరు బుష్‌లు, వెనుక గోడకు పిల్లల బొమ్మలు అంటించే మెత్తని బోర్డు యాజమాన్యాన్ని అడగడానికి పెద్ద ఖర్చులేమీ కావు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాలలో ఏపీడీ విడిగా లేదు, కనుక సర్టిఫికెట్ తెమ్మని తల్లిదండ్రులను తిప్పకండి. చదవడం, రాయడం కూడా బాగా వెనుకబడి ఉంటే నిర్దిష్ట అభ్యసన లోపం ఆ జాబితాలో ఉంది. దాని పరీక్షకు పంపవచ్చు.

ప్రశ్న: ప్రత్యేకంగా తయారుచేసిన సంగీతం హెడ్‌ఫోన్లలో వినిపించి ఈ సమస్యలన్నీ పోగొడతామని ఒకచోట ప్యాకేజీ చెబుతున్నారు. చేర్పించమంటారా?
– ఒక తల్లి, కృష్ణలంక

జవాబు: ఆడిటరీ ఇంటిగ్రేషన్ ట్రైనింగ్ అనే ఆ రకం శిక్షణకు శాస్త్రీయమైన ఆధారం సరిపోదని అమెరికాలోని ఆడియాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టుల సంఘం 2004లోనే చెప్పింది. నేనైతే చేర్పించను. చప్పుడులో మాట పట్టుకునే సాధన, అక్షరాల ధ్వనులను విడదీసే సాధన వేరు. వాటిని స్పీచ్ థెరపిస్టు పిల్లవాడికి ఏ లోపముందో చూసుకొని చేయిస్తారు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల ఈఎన్‌టీ విభాగాలలో మొదటి పరీక్షలు చేయించుకోవచ్చు. మరింత లోతైన పరీక్ష అవసరమైతే సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నాయి. మన దేశంలో ఆడియాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు 1992 చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో నమోదు చేసుకోవాలి. ఆ నమోదుకు ఇచ్చే సీఆర్ఆర్ నంబరు చూపించమని అడిగాకే ఎక్కడైనా ఫీజు కట్టండి.